ఓడలు దిగిన పుస్తకాలు, మా చిన్నాన్న

చిన్నాన్న పోయారన్న కబురు నాకు బడిలో అందింది. ఏడో తరగతికి పాఠం చెబుతుంటే అటెండరు వచ్చి ఆఫీసులో ఫోనుందని పిలిచాడు. అవతల మా తమ్ముడు, అంటే చిన్నాన్న కొడుకు. "అక్కా, నాన్నకి పొద్దున్న గుండెల్లో నొప్పొచ్చింది. డాక్టరుగారు వచ్చేలోగా..." అని ఆగిపోయాడు. కంచరపాలెం రైలు గేటు పక్క కొట్లోంచి మాట్లాడుతున్నట్టున్నాడు, గూడ్సు బండి చప్పుడు ఫోనులోంచి వినిపిస్తోంది.

ఉక్కునగరం నుంచి కంచరపాలెం వెళ్ళే దారంతా గోడల మీద రాసి ఉన్న ప్రకటనలు చదువుతూనే కూర్చున్నాను. సబ్బులు, సిమెంటు, బలం మందులు. ఏడుపు రాలేదు. గోడ కనబడితే చదవడం, చదివింది ఎవరి కోసం రాశారా అని ఆలోచించడం ఆయన అంటించిన జబ్బు. ఆయన పోయి ఇప్పటికి నెల తిరగలేదు. ఆ జబ్బు తగ్గలేదు సరికదా, ఇంకా ముదిరింది.

ఇంటి ముందు ఆయన విద్యార్థులు, తోటి లెక్చరర్లు గుమిగూడి ఉన్నారు. అందరికంటే గట్టిగా ఏడుస్తున్నది మాత్రం చేపలమ్మే నూకాలు. "మా గుంటని బతికించిన బాబు ఎల్లిపోనాడు" అని మనవరాలిని చూపించి గుండెలు బాదుకుంటోంది. ఆవిడెవరని ఒక కుర్ర లెక్చరరు నన్నడిగాడు. రెండు ముక్కల్లో చెప్పడం నాకు చేతకాలేదు. ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మాది విజయనగరం అవతల చోడి, అంటే రాగులు, నువ్వులు పండించే కుటుంబం. ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనిషి చిన్నాన్న. డెబ్బైల మొదట్లో పట్నం వచ్చి, డాబా గార్డెన్స్‌లో ఒక చిన్న ప్రకటనల కంపెనీలో తెలుగు మాటలు రాసేవారు. నేను డిగ్రీలో చేరడానికి వచ్చి కంచరపాలెంలో వాళ్ళింట్లోనే ఉన్నాను. రైలు పట్టాలకి రాయి విసిరేంత దూరంలో రెండు గదుల ఇల్లు. ఆ రెండు గదుల్లోనూ ఆయన నడుస్తూనే ఉండేవారు. కూర్చుని చదవడం ఆయనకి రాదు. కిటికీ దగ్గర మొదలుపెట్టిన వాక్యం వీధి గుమ్మం దగ్గర పూర్తయ్యేది. "ఈయన సదివిన పుస్తకాలెంట నడిస్తే కాశీ దాకా ఎల్లిపోవొచ్చు" అనేది పిన్ని.

ఆ పుస్తకాలు ఎక్కడివో చెప్పాలి. మన ఊళ్ళో అప్పుడు ప్రకటనల మీద పుస్తకం కావాలంటే ఏ కొట్లోనూ దొరికేది కాదు. పాత పోస్టాఫీసు దగ్గర ఒక సాయిబుగారు పాత కాగితాలు కొనేవారు. రేవులో ఆగిన ఓడల్లో పనిచేసేవాళ్ళు, దారిలో చదివేసిన పుస్తకాలు ఆయనకిచ్చి పోయేవారు. చిన్నాన్న ఆదివారం ఆదివారం అక్కడ కట్టలు విప్పి కూర్చునేవారు. కూర్చునేవారని అలవాటుగా రాశాను, నిజానికి గొంతుక్కూర్చుని రెండు నిమిషాలకోసారి లేచేవారు. సాయిబుగారు నవ్వి, "బాబూ, ఒక్క చోట ఉండవు కదా! ఓడలో పుట్టాల్సినోడివి" అనేవారు.

అట్ట చిరిగిన ఒక లావుపాటి పుస్తకం ఆయనకి మొదటి గురువు. అమ్మకందారులకి పాఠాలు చెప్పే ఇంగ్లీషు పుస్తకం. వస్తువు గురించి చెప్పకముందే కొనేవాడి మనసులో బెంగ ఎక్కడుందో వెతకమని అందులో నేర్పుతారు. చిన్నాన్న దాన్ని వ్యాకరణంలా చదివారు. ఆ బలంతోనే ఆయన జీవితంలో అందరికీ తెలిసిన ఒకే ఒక్క వాక్యం రాశారు. పసిపిల్లల డబ్బా పాల కోసం: "అమ్మ తరవాత అమ్మంతటిది."

ఆ ముక్క గోడలెక్కింది. రేడియోలో ఒకావిడ తీయని గొంతుతో చెప్పేది. మా నాన్న ఊరినుంచి వచ్చినప్పుడల్లా ఏదో ఒక గోడ ముందు ఆగి, పక్కవాళ్ళకి "ఇది మా తమ్ముడు రాసినాడు" అని చూపించేవాడు. నేనూ కాలేజీలో చెప్పుకున్నాను. చిన్నాన్న మాత్రం ఆ గోడ దగ్గరికొస్తే అడుగు పెంచేవారు. సిగ్గనుకున్నాం. సిగ్గో, ఇంకేదైనా పురుగు అప్పుడే తొలవడం మొదలుపెట్టిందో, ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు.

నూకాలు రోజూ పొద్దున్న మా గుమ్మంలో గంప దింపేది. ఒకరోజు గంప లేకుండా వచ్చింది. కూతురి బిడ్డకి వాంతులు, విరేచనాలు, కళ్ళు తెరవడం లేదు. పిన్ని ఏం పెడుతున్నారని అడిగింది. నూకాలు కొంచెం గొప్పగానే చెప్పింది.

"పిల్లకి పాలు సాలట్లేదమ్మా. మాం అందర్లాగ గంజినీల్లు పోసీలేదు. డబ్బా పాలే పడతన్నాం. అమ్మ తరవాత అమ్మంతటిదని రేడియోలో సెప్తన్నారు కాదేటి!"

చిన్నాన్న చేతిలో పుస్తకం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టారో కూడా చూసుకోలేదు. చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే వీధిలోకి పరిగెత్తి రిక్షా ఆపారు. "గుంటా, నువ్వూ రా" అన్నారు నాతో. సముద్రం ఒడ్డున ఆ గుడిసెలో నేను చూసినవి రెండు. గూట్లో తోమి తళతళలాడుతున్న పాల డబ్బా. బియ్యం కడిగిన నీళ్ళలా పలచగా ఉన్న సీసా. డబ్బా ఎక్కువ రోజులు రావాలని పొడి తగ్గించి నీళ్ళు పెంచారు. ఆ నీళ్ళు ఎంత శుభ్రమైనవో అడగక్కర్లేదు.

పిల్లని నా ఒళ్ళో పెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాం. అంత తేలిక మనిషిని నేను అంతకుముందు గానీ తరవాత గానీ మొయ్యలేదు. డాక్టరమ్మ చూసింది, సూది పెట్టింది, ఏం పాలని అడిగింది. నూకాలు కూతురు, డబ్బా మీది పేరుకి నోరు తిరగక, కళ్ళు తుడుచుకుంటూ ఆ వాక్యమే చెప్పింది. అప్పటికి అలాంటి పిల్లల్ని ఎంతమందిని చూసిందో, డాక్టరమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"ఈ మాట రాసినవాడెవడో ఒక్కసారి ఈ వార్డులోకి తీసుకురండి. చూడనివ్వండి!"

చిన్నాన్న చదువుకున్న భాషే మాట్లాడేవారు. మనసు అదుపు తప్పితే మాత్రం మా పల్లె నోరు వచ్చేసేది.

"రాసింది నానేనమ్మా" అన్నారు.

ఆవిడ తలెత్తి చూసింది. తరవాత గొంతు తగ్గించి, "అయితే ఇక్కడే ఉండండి, ఈ పిల్ల కళ్ళు తెరిచేదాకా" అంది. ఉన్నారు. వార్డు వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తూ ఉన్నారు. నర్సులు విసుక్కున్నారు కూడా. పిల్ల కళ్ళు తెరిచింది. పాలు అడిగి ఏడ్చింది. తల్లికి కూడా మంచి మందులిచ్చి, దగ్గరుండి నేర్పి, మళ్ళీ బిడ్డని రొమ్ముకి పట్టించారు.

ఆయన్ని దహించింది డాక్టరమ్మ కోపం కాదని నాకు తరవాత తెలిసింది. ఆ వరండాలో నూకాలు ఆయన దగ్గరకొచ్చి, కళ్ళు పెద్దవి చేసి అడిగింది: "బాబూ, రేడియోలో ఆ మాట మీరు రాసినారా? నిజంగా మీరేనా?" ఆ గొంతులో నింద లేదు. తనకి తెలిసిన మనిషి రేడియో దాకా వెళ్ళాడన్న సంబరం ఉంది. చిన్నాన్న గోడవైపు తిరిగిపోయారు.

వారం తిరక్కుండా ఉద్యోగం మానేశారు. మా నాన్న ఊరినుంచి రుసరుసలాడుతూ వచ్చాడు.

"సుబ్బరంగా ఉన్న పని ఒగ్గీసి ఏటి సేత్తావురా? నువ్వు రాయకపోతే డబ్బాలు అమ్ముడుపోవా?"

"పోతాయన్నా."

"మరేటి?"

"నాను రాయను. అంతే."

ఆ రోజుల్లోనే రెండో పుస్తకం బయటపడింది. సాయిబుగారి కట్టలో ఊరికే వచ్చిన పలచటి పుస్తకం. చదవకుండా అటక మీద పడేశారు. బీదదేశాల పిల్లల ఆసుపత్రుల్లో పనిచేసిన ఒక డాక్టరు రాసింది. సీసాల గురించి, నీళ్ళ గురించి, గోడల మీది బొద్దు పిల్లల బొమ్మల గురించి. చిన్నాన్న దాన్ని ఒక్క రోజులో, కిటికీకీ గుమ్మానికీ మధ్య, పూర్తిచేశారు. ఆఖరి పేజీ అయ్యాక నాతో ఒక మాటన్నారు: "ఇది నా అటక మీదే ఉంది గుంటా. నాను ఆ ముక్క రాస్తున్నప్పుడు కూడా, నా నెత్తి మీదే ఉంది."

ఒక ప్రైవేటు కాలేజీలో కామర్సు లెక్చరరుగా చేరారు. ప్రకటనల మీద పరిశోధనకి పేరు నమోదు చేసుకున్నారు. ఇక ఊరు తిరగడం మొదలైంది. రేవు కూలీల పేటలు, రైల్వే క్వార్టర్లు, మిల్లు కార్మికుల ఇళ్ళు, చేపల రేవులు. మగమనిషి ఒక్కడే వెళితే ఆడవాళ్ళు తలుపు చాటుకి పోతారని నన్ను తీసుకెళ్ళేవారు. ఏ ప్రకటన విన్నారు, ఏది చూశారు, ఏది కొన్నారు అని నేను అడిగేదాన్ని. ఆయన వాకిట్లో నిలబడి వినేవారు.

ఆ ఏళ్ళలో ఆయన్ని ఏలింది మూడో పుస్తకం. యుద్ధకాలంలో ప్రభుత్వాలు జనాన్ని మాటలతో ఎలా కదిలించాయో చెప్పే గ్రంథం. దాని ప్రకారం జనం తడిమట్టి, మాట చెయ్యి. ఎలా నొక్కితే అలా. చిన్నాన్న దాన్ని నమ్మారు. నమ్మితే ఎంత నమ్ముతారో చూడాలి! అన్నం తింటూ రేడియో వింటున్న పిన్నిని, "ఆపు, అది నిన్ను పిసికీస్తంది" అని కసిరేవారు. ఇంట్లో సబ్బు కూడా కాగితం ఊడదీసి పేరు కనబడకుండా పెట్టేవారు. రాత పేజీలకి పేజీలు పెరిగింది. ఆయన చిక్కిపోయారు. ఆ రోజుల్లో ఆయనతో ఒక గదిలో ఉండడం కష్టంగా ఉండేది, నిజం చెప్పాలంటే.

పిన్నికీ ఉద్యోగం ఉండేది. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది. చిన్నాన్న నాకు ఒక అధ్యాయం చదివి వినిపిస్తున్నారు. తన ఒక్క వాక్యం ఎన్ని ఇళ్ళలోకి దూరి ఎంతమంది తల్లుల మనసు విరిచిందో అందులో రాశారు. పిన్ని గుమ్మంలోనే నిలబడి విన్నది.

"మన బాబుకి నాను డబ్బా పాలు పట్టినాను. గురుతుందా?" అంది.

"ఉంది. అదే సెప్తన్నాను, ఆ..."

"మీ ముక్క సూసి పట్టినానేటి? సెలవైపోనాది. ఆఫీసుకి ఎల్లాల. అందుకు పట్టినాను. ఆ నూకాలు కూతురికి పాలు సాల్లేదు, నూకాలు గంపెత్తుకుని తెల్లారకుండా పోవాల. ఆ పిల్లకి ఎవులు ఏటి పట్టాల? మీ ముక్క లేకపోతే ఇంకోడి ముక్క. ఇన్నేళ్ళ నుంచి సూత్తన్నాను, ఆ ముక్క సుట్టూ తిరుగుతన్నారు. తప్పు మీదే, పాపం మీదే, బలం కూడా మీదే! ఇదీ ఒక గొప్పేనండి. ఏడుపు మొహం పెట్టుకున్న గొప్ప."

చిన్నాన్న చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయారు. పిన్ని వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది గానీ గిన్నె పెట్టడం మరిచిపోయింది. "మరీ అనీసినానేటే?" అని నన్నడిగింది. నేను గిన్నె తీసి పొయ్యి మీద పెట్టాను.

అన్నాలవేళకి తిరిగొచ్చారు. పీట వాల్చుకుని కూర్చున్నారు. ఆయన కదలకుండా కూర్చోవడం నేను చూసిన కొద్దిసార్లలో అదొకటి.

"నువ్వు సెప్పింది నా దగ్గరున్న ఏ పుస్తకంలోనూ లేదు" అన్నారు పిన్నితో.

"పుస్తకాల్లో లేకపోతే తిండి మానీమన్నానా? తినండి" అంది పిన్ని.

తరవాత నేను నెమ్మదిగా అడిగాను: అయితే ఆ మాట రాయడం తప్పు కాదా చిన్నాన్నా? "తప్పు తగ్గలేదు గుంటా. దాని కొలత తెలిసింది" అన్నారు.

రాసిన దాంట్లో సగానికి పైగా పక్కన పెట్టేశారు. మళ్ళీ పేటలకి బయల్దేరాం. ఈసారి అడిగే ప్రశ్న మారింది. ఏ ప్రకటన చూశారని కాదు, కొన్న రోజున ఇంట్లో ఏం జరిగిందని. చిన్నాన్న ఈసారి వాకిట్లో నిలబడలేదు, వాళ్ళ అరుగు మీద చతికిలబడ్డారు. పట్టాలు బాగుచేసే రైల్వే గాంగుమన్ భార్య ఒకావిడ ముఖం పౌడరు కొంది. ఎందుకని నేనడిగితే సిగ్గుపడింది. "మా సెల్లి పెల్లి. ఒక్క పూటైనా బొగ్గు వాసన లేకుండా కూకోవాలనిపించింది" అంది. డబ్బా మీద బొమ్మ ఏముందో ఆవిడకి గుర్తు లేదు. చిన్నాన్న ఆ సంగతి పదిమందికి చెప్పారు.

నాలుగో పుస్తకం అప్పుడు దొరికింది. ఎక్కడో ద్వీపాల్లో సంతలకి వెళ్ళి, ఎవరు ఏది ఎందుకు కొంటున్నారో పక్కన కూర్చుని విన్న ఒకావిడ రాసింది. అందులో ప్రకటన అన్న మాటే రాదు. ప్రకటనల మీద తను చదివిన వాటిలో అంతకు మించింది లేదని చిన్నాన్న వాదించేవారు. నాకైతే ఆ పుస్తకం నిద్ర తెప్పించింది. ఆ మాటంటే నవ్వి, "మంచిదే. నచ్చలేదని గట్టిగా చెప్పు. ఒక్క పుస్తకాన్నే నమ్ముకున్నోడు కూడా డబ్బా కొన్నోడి లాంటోడే" అన్నారు.

ఆయన పరిశోధన గ్రంథం మొదటిసారి తిరిగి వచ్చింది. ఇవి కథలు, కామర్సు కాదన్నారట దాన్ని పరీక్షించిన పెద్దలు. గాంగుమన్ భార్య సంగతి తీసెయ్యమంటే ఆయన తియ్యనన్నారు. ఇంకో రెండు అధ్యాయాలు చేర్చి మళ్ళీ పంపారు. చివరికి ఒప్పుకున్నారు. ఆ రోజు పిన్ని పాయసం చేస్తే, నిలబడే తాగి, గిన్నె కడిగి, ఇంకో పుస్తకం తీశారు.

క్లాసులో ఆయన పద్ధతి ఒకటి విద్యార్థులందరికీ గుర్తుంది. ఏదైనా వస్తువుకి ఒక మంచి ప్రకటన రాయమనేవారు. రాశాక, ఎవరి కోసం రాశారో అలాంటి మనిషి దగ్గరికి వెళ్ళి చదవమనేవారు. "కళ్ళలోకి చూస్తూ చదవగలిగితే ఉంచు. చూపు పక్కకి పోతే కొట్టెయ్యి." ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు పెద్ద కంపెనీల్లో ప్రకటనలు రాస్తున్నారు. వాళ్ళ మీద ఆయనకి కోపం లేదు. ఉత్తరం రాస్తే జవాబులో అదే ప్రశ్న వేసేవారు: ఎవరికి చదివి వినిపించావు?

నూకాలు మాత్రం మనవరాలిని బతికించిన బాబని పదిమందిలో చెప్పడం మానలేదు. ఆయన చాలాసార్లు సర్దిచెప్పబోయారు. "నా వల్లే కదా ఆసుపత్రికి పోవాల్సొచ్చింది" అంటే, "మోసుకెల్లింది మీరు కాదేటి?" అనేది. ఆ వాదంలో ఇద్దరూ ఓడలేదు. ఆ పిల్ల పెద్దదయ్యాక, తలుపు చాటునుంచి వాళ్ళ వాదం వింటూ నవ్వేది.

నాకు పెళ్ళయి, మా ఆయనకి స్టీలు ప్లాంటులో ఉద్యోగమొచ్చి, ఉక్కునగరం క్వార్టర్లోకి వచ్చాక టీవీ కొన్నాం. ఆదివారం పొద్దున్న చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్ళంతా మా హాల్లోనే. చిన్నాన్న మొదటి బస్సుకే వచ్చేసేవారు. అందరూ టీవీ చూస్తుంటే ఆయన టీవీకి వీపు పెట్టి, మా మొహాలు చూసేవారు. ప్రకటన రాగానే ఎవరి కళ్ళు పెద్దవయ్యాయో, ఎవరు పక్కవాళ్ళని మోచేత్తో పొడిచారో, ఎవరు మంచినీళ్ళకి లేచారో. మొదట్లో జనం ఇబ్బంది పడ్డారు. తరవాత అలవాటైపోయింది. "మీ చిన్నాన్నగారు రాలేదేటండి?" అని అడిగేవారు.

పోయేనాటికి ఆయన చేతిలో ఉన్న పని టీవీ గురించే. నాలుగు పుస్తకాలూ ఇక్కడ చాలడం లేదని ఆరాటపడేవారు. రేడియో విని జనం పనిచేసుకునేవారు, గోడ చూసి నడిచిపోయేవారు, దీని ముందు కదలడమే లేదు, ఎందుకు? నన్ను అడిగేవారు, మా ఆయన్ని అడిగేవారు, పాలవాణ్ణి అడిగేవారు. ఆఖరిసారి వచ్చినప్పుడు నేనే ఎదురు తిరిగాను. మీరేమనుకుంటున్నారో చెప్పండి, ఎప్పుడూ మమ్మల్ని అడగడమేనా అన్నాను. "నాకు తెల్దు గుంటా. తెలిసిపోనాదనుకున్నప్పుడే కదా ఆ ముక్క రాసీసినాను" అన్నారు.

ఆ సాయంత్రం కూర్మన్నపాలెం జంక్షన్ దాకా సాగనంపడానికి వెళ్ళాను. ఏ షిఫ్టో వదిలారు, సైకిళ్ళు వరదలా వస్తున్నాయి. ఒకాయన, ఖాకీ బట్టలు, క్యారియరు మీద తాళ్ళతో కట్టిన అట్టపెట్టె. పెట్టెలో కొత్త మిక్సీ. చిన్నాన్న చూపు దాని మీద పడింది. బస్సొచ్చింది. ఎక్కమన్నాను. చెయ్యి ఊపి ఆ సైకిలు మనిషి దగ్గరికి వెళ్ళిపోయారు.

"ఏం బావా, ఇయ్యాల ఇంట్లో ఏటి విశేషం?" అని అడగడం నాకు వినబడింది.

ఆ మనిషి మొదట అనుమానంగా చూశాడు. తరవాత సైకిలు స్టాండు వేశాడు. బస్సు కదిలిపోయింది. నేను ఇంటికి వెళ్ళి దీపం పెట్టుకోవాలి. కొంత దూరం వచ్చి వెనక్కి తిరిగి చూశాను. సైకిలు మనిషి రెండు చేతులూ తిప్పుతూ ఏదో చెబుతున్నాడు, మధ్యలో పెట్టె మీద అరచేత్తో తడుతున్నాడు. చిన్నాన్న తల ఒక పక్కకి వంచి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ వింటున్నారు. ఇంకో బస్సు వచ్చి ఇద్దరికీ నాకూ మధ్య ఆగింది. అది వెళ్ళాక చూస్తే ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఇప్పుడు చిన్నాన్న కూడా ఆ పెట్టె మీద చెయ్యి వేసి, పడీ పడీ నవ్వుతున్నారు.